మీ సన్‌స్క్రీన్ నిజంగా ‘క్రూయెల్టీ ఫ్రీ’యేనా? చట్టం ఏం చెబుతోంది?

లిప్‌స్టిక్, షాంపూ, సన్‌స్క్రీన్ కోసం జంతువులపై పరీక్షలు చేయడం మన దేశంలో 2014 నుంచి నిషిద్ధం. అలాగని సీసాపై కుందేలు బొమ్మ ఉంటే, అందులోని ఏ రసాయనాన్నీ ఎక్కడా జంతువులపై పరీక్షించలేదని అనుకోవచ్చా? అలా అనుకోలేం.

మన దగ్గర నిబంధన ఏంటి?

2014లో కేంద్రం నిబంధన 148-సి తెచ్చి దేశంలో ఈ పరీక్షలను నిషేధించింది. అదే ఏడాది 135-బితో, జంతువులపై పరీక్షించిన సౌందర్య సాధనాల దిగుమతినీ ఆపింది. చట్టం దృష్టిలో సౌందర్య సాధనమంటే తయారైన సరకే కాదు, అందులో కలిపే పదార్థం కూడా.

మరి చిక్కెక్కడ?

ఒకే రసాయనానికి రెండు చట్టాలు వర్తించినప్పుడు. ఐరోపా సమాఖ్యలో ముడిపదార్థాల పరీక్షలపై 2009 నుంచి, అలా పరీక్షించిన ఉత్పత్తుల అమ్మకంపై 2013 నుంచి నిషేధం ఉంది. కానీ అక్కడి రసాయనాల చట్టం ‘రీచ్’ ప్రకారం, ఫ్యాక్టరీ కార్మికులకు ముప్పు ఉందో లేదో తేల్చాలి. ఆ కారణంతోనే జర్మనీ కంపెనీ సిమ్‌రైజ్‌ను రెండు సన్‌స్క్రీన్ పదార్థాలపై జంతు పరీక్షలు చేయమన్నారు. కంపెనీ కోర్టుకెళ్లినా, 2023 నవంబరులో ఐరోపా జనరల్ కోర్టు ఆ ఆదేశాన్నే సమర్థించింది.

కార్మికుల ఆరోగ్యమా, మూగజీవాల ప్రాణమా అనే పరిస్థితి పోవాలంటే, జంతువులు అక్కర్లేని పరీక్షలను రసాయనాల చట్టాలూ అంగీకరించాలి.

కొనేటప్పుడు ఏం చూడాలి?

* ‘వీగన్’ అంటే జంతువుల నుంచి తీసిన పదార్థాలు లేవని మాత్రమే. పరీక్షల సంగతి అది చెప్పదు.
* ‘తుది ఉత్పత్తిని జంతువులపై పరీక్షించలేదు’ అని ఉంటే, ముడిపదార్థాల మాటేంటో కంపెనీని అడగండి.