చిత్రాంగి నడుగనివారు

సారంగధర నాటకమున చిత్రాంగి ప్రవేశించిన తోడనే ప్రేక్షకులు ఆమెను దూషింప సిద్ధపడుదురు. సవతి కొడుకును కోరినది; అతడు నిరాకరింపగా నతనిపై నింద మోపినది. ఆ నింద మహాపాతకమే; దానిని సమర్థింప నెవ్వరికిని తరము గాదు. కాని యీ విషాదమునకు బీజము నాటిన వారెవ్వరని మేము ప్రశ్నించుచున్నాము.

ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు (1853–1912) బళ్లారిలో న్యాయవాదులుగా నుండి తెలుగు నాటకమునకు పితామహులైరి. వారి ‘విషాద సారంగధరము’ మన భాషలో విషాదాంత నాటకములకు దారి చూపినది. పూర్వకథలో సిద్ధుని కరుణచే సారంగధరుని ఖండిత కరచరణములు మరల మొలచును. ఆచార్యులవారు మంగళాంత సంప్రదాయమును విడిచి శోకముతోడనే ముగించిరి. లోకమున ఖండించిన చేతులు మరల మొలవవు గదా!

కథ సర్వవిదితము. కుమారునకై తలచిన కన్యను తండ్రి తానే చేపట్టెను. యువరాజును మనసున నిలుపుకొని వచ్చిన పడుచు వయసు మీరిన రాజునకు భార్య యయ్యెను. రాజమహేంద్రవరమున సారంగధరుని మెట్ట యున్నను ఈ గాథకు చరిత్రాధారము లేదు. నన్నయచే భారతమును తెనిగింపజేసిన 11వ శతాబ్దపు రాజరాజ నరేంద్రుని నిందించుట మా యుద్దేశము గాదు. మేము విచారించునది నాటకములోని రాజును.

యవనకవి యూరిపిడీసు క్రీ.పూ. 428లో ప్రదర్శించిన ‘హిప్పోలితుస్’ నాటకమునను సవతితల్లి మోహమును, అబద్ధపు నిందయు, తండ్రి తొందరపాటును గలవు. కాని యచ్చట మోహమును పుట్టించినది దేవతాగ్రహము. ఇచ్చట పుట్టించినది మనుష్యులు జరిపిన పెండ్లి. కావున విధిని నిందించి తప్పించుకొన మనకు వీలులేదు.

రాజు చేసిన తప్పులు రెండు. పెండ్లికి ముందు కన్య నడుగలేదు. శిక్షకు ముందు కుమారు నడుగలేదు. ఫిర్యాదియు తానే, న్యాయాధిపతియు తానే. రెండింటికిని మూల మొక్కటే: అడుగకపోవుట. ఇంట నోరు నొక్కుట మరగినవాడు న్యాయపీఠముపై చెవి యొగ్గునా?

1955 నాటి హిందూ వివాహ చట్టము ప్రకారము బలవంతముచే గాని మోసముచే గాని సమ్మతి పొందిన వివాహమును రద్దు చేయించుకొనవచ్చును. 2006 నాటి చట్టము 18 ఏండ్లు నిండని కన్యకును, 21 ఏండ్లు నిండని వరునకును పెండ్లిని నిషేధించినది. మంచిదే. కాని చట్టము ఫిర్యాదు వెంట వచ్చును; ప్రశ్న పెండ్లిచూపులనాడే రావలెను. మా బాన్సువాడ వంటి యూళ్లలో ఆనాడు వరుని యుద్యోగము, పొలము, కట్నకానుకలు గడియల తరబడి చర్చకు వచ్చును. పిల్ల తల వంచుకొని కూర్చుండిన చాలును, సమ్మతి యని పెద్దలు తీర్మానింతురు. మౌన మర్ధాంగీకార మందురు. సరే, తక్కిన యర్ధభాగ మేమైనట్లు?

పెద్దల మాట త్రోసివేయుడని మేము చెప్పుట లేదు. వారి యనుభవము విలువైనదే. అయినను కాపురము చేయవలసినది పెద్దలు గారు. కన్యను చాటునకు బిలిచి, భయము లేకుండ నడిగి, ‘వలదు’ అన్నచో కోపింపక విన్నవారే ఆమె మేలు కోరినవారు.

మన పఠనమందిరములలో ఈ నాటకము మరల చర్చకు వచ్చినపుడు చిత్రాంగి దోషముతోపాటు, ఆమె నడుగనివారి దోషమును గూడ తూచవలెనని పాఠక మహాశయులను కోరుచున్నాము. ఆపైన నెవరి యింట వారు తమ కుమార్తె నడుగుదురు గాక!