ట్రాక్టరు ట్రాలీకి బ్రేకులు: యాంత్రీకరణ విస్మరించిన అంశం

వరి కోతలు మొదలైన నాటి నుండి ధాన్యం పొలం నుండి కల్లానికి, కల్లం నుండి మార్కెట్ యార్డుకు చేరేది ప్రధానంగా ట్రాక్టరు ట్రాలీలోనే. కొన్ని ప్రాంతాలలో ట్రక్కు అనీ, మరికొన్ని ప్రాంతాలలో తొట్టి అనీ పిలిచే ఈ బండి లేనిదే పశువుల ఎరువు చేనుకు చేరదు, పత్తి జిన్నింగు మిల్లుకు చేరదు, చెరకు ఫ్యాక్టరీకి చేరదు. ట్రాక్టరు దున్నే రోజుల కంటె ట్రాలీని లాగే రోజులే ఎక్కువగా ఉండే గ్రామాలు అనేకం. అయినప్పటికీ వ్యవసాయ యాంత్రీకరణపై జరిగే చర్చలలో ట్రాలీకి లభిస్తున్న స్థానం అత్యల్పం. నాగలి, గొర్రు, రోటవేటరు, వరికోత యంత్రం మొదలైనవాటి పనితీరుపై పరిశోధనలు జరుగుతున్నాయి. ట్రాలీని మాత్రం యంత్రంగా కాక కేవలం ఒక ఇనుప పెట్టెగా చూడడం అలవాటైంది.

ట్రాక్టరు కొనబోయే రైతు సాధారణంగా అడిగే ప్రశ్న "ఇది ఎన్ని టన్నులు లాగుతుంది?" అన్నది. "ఎన్ని టన్నులను ఆపగలదు?" అని అడిగేవారు అరుదు. రోడ్డుపై మనుషుల ప్రాణాలు ఆధారపడి ఉన్నది ఈ రెండవ ప్రశ్నపైనే.

లాగే బలం వేరు, ఆపే బలం వేరు

ఈ భేదాన్ని విదేశాలలోని పికప్ వాహనాల ఉదాహరణ స్పష్టంగా చూపుతుంది. ఆస్ట్రేలియాలో రైతులు పశువులను, యంత్రాలను తరలించడానికి ఫోర్డ్ రేంజర్ వంటి మధ్యతరహా పికప్‌లకు ట్రైలర్లు తగిలించి వాడుతారు. బ్రేకులున్న ట్రైలరైతే ఈ వాహనం 3,500 కిలోల వరకు లాగవచ్చునని తయారీదారు నిర్దేశించగా, అదే వాహనం బ్రేకులు లేని ట్రైలరును లాగేటప్పుడు ఆ పరిమితి 750 కిలోలు మాత్రమే. ఇంజను అదే, గేరుపెట్టె అదే, చక్రాలు అవే. ట్రైలరుకు బ్రేకులు లేకపోవడం అనే ఒక్క కారణం చేత అనుమతించిన బరువు నాలుగవ వంతు కంటె తక్కువకు పడిపోయింది. ఆ దేశపు నిబంధనల ప్రకారం 750 కిలోలు దాటిన ట్రైలరుకు బ్రేకులు తప్పనిసరి. 2,000 కిలోలు దాటితే అన్ని చక్రాలకూ బ్రేకులు ఉండాలి. అంతేకాక, కొక్కెం ఊడి ట్రైలరు విడిపోయిన పక్షంలో దానంతట అదే బ్రేకు పడే ఏర్పాటు కూడా ఉండాలి.

పికప్‌కు నాలుగు చక్రాలకూ బ్రేకులుంటాయి. తెలుగు ప్రాంతాలలో విరివిగా వాడే ట్రాక్టర్లకు సాధారణంగా వెనుక రెండు చక్రాలకే బ్రేకులుంటాయి. గ్రామీణ వర్క్‌షాపులలో తయారయ్యే ట్రాలీలలో అనేకం అసలు బ్రేకులు లేనివే. అటువంటి ట్రాలీలో టన్నుల కొద్దీ సరుకు నింపి, ట్రాక్టరు వెనుక చక్రాల పట్టుపైనే భారమంతా వేసి రోడ్డెక్కుతున్నారు.

ఒక సులువైన లెక్క

రెండు టన్నుల బరువు గల ట్రాక్టరును ఉదాహరణగా తీసుకోవచ్చును. దాని బరువులో సుమారు 65 శాతం, అంటే 1,300 కిలోలు, వెనుక చక్రాలపై ఉంటుందనుకుందాము. పొడి తారు రోడ్డుపై టైర్ల పట్టును 0.7గా భావిస్తే, ఆ చక్రాలు ఇవ్వగల గరిష్ఠ ఆపుదల బలం సుమారు 910 కిలోలు. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే ఒంటి ట్రాక్టరు, బ్రేకు పడిన తరువాత దాదాపు 8 మీటర్లలో ఆగుతుంది.

ఇప్పుడు అదే ట్రాక్టరుకు బ్రేకులు లేని నాలుగు చక్రాల ట్రాలీని తగిలించి, 75 కిలోల ధాన్యం బస్తాలు 60 వేశారనుకుందాము. ధాన్యం 4,500 కిలోలు, ట్రాలీ సొంత బరువు 1,500 కిలోలు కలిపి ఆరు టన్నులు. ఆపవలసిన మొత్తం బరువు రెండు టన్నుల నుండి ఎనిమిది టన్నులకు పెరిగింది. ఆపే బలం మాత్రం అదే 910 కిలోలు. ఫలితంగా ఆగడానికి పట్టే దూరం 8 మీటర్ల నుండి 31 మీటర్లకు పెరుగుతుంది. చోదకుడు ప్రమాదాన్ని గుర్తించి పెడలు తొక్కడానికి ఒక్క సెకను పట్టినా, ఆ సెకనులో బండి మరో 8 మీటర్లు ముందుకు పోతుంది. అంటే బడి ముందు రోడ్డు దాటే పిల్లవాడు 39 మీటర్ల లోపున ఉంటే ఆ బండి అతడిని చేరకముందు ఆగలేదు.

దారి ఏటవాలుగా ఉంటే పరిస్థితి మరింత విషమిస్తుంది. 20 మీటర్లకు ఒక మీటరు చొప్పున దిగే వాలులో పై దూరం 31 నుండి దాదాపు 56 మీటర్లకు పెరుగుతుంది. 10 మీటర్లకు ఒక మీటరు దిగే వాలులో దాదాపు బ్రేకుల బలమంతా బరువు కిందికి జారకుండా నిలపడానికే సరిపోతుంది. బండి ఆగుతుందన్న నమ్మకం ఇక ఉండదు. చెరువు కట్టలు, కాలువ గట్లు దిగేటప్పుడు ట్రాక్టర్లు అదుపు తప్పడానికి గల కారణాలలో ఇది ముఖ్యమైనది. డీజిలు ఆదా అవుతుందని వాలులో గేరును న్యూట్రల్‌కు మార్చడం వలన ఇంజను ఇచ్చే ఆపుదల కూడా పోతుంది. వెనుక నుండి ట్రాలీ నెట్టగా ట్రాక్టరు అడ్డం తిరిగి, రెండూ కత్తెరలా మడతపడి బోల్తా పడతాయి.

ఇదే ట్రాలీ చక్రాలకు, దాని బరువులో 30 శాతం మేరకు ఆపుదల బలాన్ని ఇచ్చే బ్రేకులు అమర్చితే, చదును రోడ్డుపై 31 మీటర్ల దూరం 10 లేదా 11 మీటర్లకు తగ్గుతుంది. ట్రాక్టరు శక్తిని పెంచడం వలన రాని రక్షణ ట్రాలీ బ్రేకు వలన వస్తుంది.

మనుషులను మోసే బండి కాదు

కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989 వ్యవసాయ ట్రాలీని నిర్వచిస్తూ, అది ప్రధానంగా వ్యవసాయ సరుకుల రవాణాకు ఉద్దేశించినదని పేర్కొన్నాయి. అయినా మిరప కోతలకు, పత్తి పనులకు, వరినాట్లకు కూలీలు వెళ్ళేది ట్రాలీలోనే. 2018 ఏప్రిల్‌లో నల్లగొండ జిల్లా పెద్దఅడిశర్లపల్లి మండలంలో కూలీల ట్రాక్టరు కాలువలో పడి తొమ్మిదిమంది మహిళలు మరణించారు. అదే సంవత్సరం జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలంలో మరొక ట్రాక్టరు మూసీ కాలువలో పడగా 15 మంది ప్రాణాలు కోల్పోయారు. వారిలో అత్యధికులు పొలం పనికి బయలుదేరిన మహిళలే.

ఈ దుర్ఘటనలకు బ్రేకులు లేకపోవడమే కారణమని చెప్పడం సరికాదు. చోదకుని నైపుణ్యం, అతని ఏకాగ్రత, దారి వెడల్పు, గట్టు స్థితి వంటి అంశాలు ఎన్నో ఉంటాయి. కాని ఒక పొరపాటు జరిగిన క్షణాన దానిని సరిదిద్దుకునే అవకాశం ఇచ్చేది బండి ఆగే సామర్థ్యమే. ఆ సామర్థ్యం లేని బండిలో, పట్టుకోవడానికి ఆసరా కూడా లేని తొట్టిలో, ఇరవై ముప్పై మందిని నిలబెట్టి తీసుకువెళ్ళడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు. "వేరే వాహనం లేదు" అన్న కూలీల మాటలోని నిజాన్ని మాత్రం కాదనలేము. పంట పనుల కాలంలో కూలీల కొరకు ప్రత్యేక రవాణా ఏర్పాటు చేయకుండా, ట్రాలీ ఎక్కవద్దని చెప్పినంత మాత్రాన ఫలితం ఉండదు.

వినవచ్చే అభ్యంతరాలు

ట్రాలీకి బ్రేకులు తప్పనిసరి చేయాలన్న సూచనకు ప్రధానంగా మూడు అభ్యంతరాలు వినవస్తాయి. మొదటిది ఖర్చు. ట్రాక్టరుపై లక్షల రూపాయలు వెచ్చించే రైతుకు, బ్రేకుల ఖర్చు ఆ మొత్తంలో చిన్న భాగమే. అయినా ఆ భారాన్ని సన్నకారు రైతులపై మాత్రమే మోపడం న్యాయం కాదు. ప్రభుత్వ సాయంతో ట్రాలీలు సమకూర్చే సందర్భాలలో బ్రేకులున్న ట్రాలీకే ఆ సాయం వర్తింపజేయడం ఉచితం.

రెండవది నిర్వహణ. బురదలో, దుమ్ములో తిరిగే ట్రాలీ బ్రేకులు త్వరగా పాడవుతాయన్నది వాస్తవమే. అయితే ట్రాక్టరు నెమ్మదించగానే ట్రాలీ ముందుకు నెట్టే బలంతోనే పనిచేసే సాధారణ బ్రేకులు ఉన్నాయి. ట్రాక్టరు హైడ్రాలిక్ వ్యవస్థతో పనిచేసేవీ ఉన్నాయి. స్థానిక పరిస్థితులకు తట్టుకునే నమూనాను రూపొందించడం పరిశోధకులకు అసాధ్యమైన పని కాదు.

మూడవది, ట్రాక్టరు నెమ్మదిగా నడిచే బండి కనుక బ్రేకులు అనవసరమన్న వాదన. పై లెక్క గంటకు 30 కిలోమీటర్ల వేగానికి వేసినదే. నేటి ట్రాక్టర్లకు ఆ వేగం సాధారణం. నెమ్మదిగా నడిచే బండి అన్న మాట ఎడ్లబండికి చెల్లుతుంది గాని ట్రాక్టరుకు చెల్లదు.

చేయవలసిన పనులు

బాపట్ల, కంది వ్యవసాయ ఇంజనీరింగు కళాశాలలు ట్రాలీని ఒక పూర్తిస్థాయి పరిశోధనాంశంగా స్వీకరించడం అవసరం. గ్రామీణ వర్క్‌షాపులలో తయారుచేయగల తక్కువ ఖర్చు బ్రేకు నమూనాను రూపొందించి, దాని చిత్రపటాలను ఉచితంగా అందజేస్తే, ట్రాలీలు తయారుచేసే వెల్డరే ఈ మార్పుకు మొదటి కార్యకర్త అవుతాడు. అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ వంటి చోట్ల ట్రాక్టరును ఒంటరిగానే కాక నిండు ట్రాలీతో కలిపి ఆపి చూసే పరీక్షలకు ప్రాధాన్యం లభించాలి. కృషి విజ్ఞాన కేంద్రాలు ఇచ్చే ట్రాక్టరు శిక్షణలో దుక్కి పాఠంతో సమానంగా రవాణా పాఠమూ ఉండాలి.

ఈ మార్పు వచ్చే వరకు రైతులు వెంటనే పాటించదగిన జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. దమ్ము చేసేటప్పుడు మలుపు కొరకు విడదీసిన రెండు బ్రేకు పెడళ్ళను రోడ్డెక్కే ముందు తప్పక జతపరచాలి. లేనిచో ఒక్క వైపే బ్రేకు పడి ట్రాక్టరు పక్కకు లాగుతుంది. ట్రాలీని కింది డ్రాబారుకే తగిలించాలి. వెనుక ఇరుసు కంటె ఎత్తున తగిలిస్తే ముందు చక్రాలు పైకి లేచి ట్రాక్టరు వెనక్కు తిరగబడే ప్రమాదం ఉన్నది. రెండు చక్రాల ట్రాలీలో సరుకును వెనుకవైపు పోగుచేయరాదు. పిన్నుకు తాళపు క్లిప్పు, దానికి తోడు భద్రతా గొలుసు ఉండాలి. వాలు దిగడానికి ముందే తక్కువ గేరుకు మార్చి, దిగినంతసేపు అదే గేరులో ఉండాలి. చీకటిలో వెళ్ళే ట్రాలీకి వెనుక ఎర్ర దీపాలు, ప్రతిఫలన పట్టీలు లేకుంటే అది రోడ్డు మధ్య కనపడని గోడతో సమానం.

అన్నింటి కంటె సులువైనది వేగం తగ్గించడం. వేగం సగానికి తగ్గితే ఆగే దూరం నాలుగవ వంతుకు తగ్గుతుంది. బ్రేకులు లేని ఆరు టన్నుల ట్రాలీ కూడా గంటకు 15 కిలోమీటర్ల వేగంలో దాదాపు 8 మీటర్లలో ఆగుతుంది. ఇది ఒంటి ట్రాక్టరు 30 కిలోమీటర్ల వేగంలో ఆగే దూరమే. ట్రాలీకి బ్రేకు వచ్చేదాకా ఆ బ్రేకు చోదకుని చేతిలోని యాక్సిలరేటరే. కాని ఆ భారాన్ని అతని వివేకానికి మాత్రమే వదలివేసి శాస్త్రం, ప్రభుత్వం ఊరుకోవడం భావ్యం కాదు. పంటను ఇంటికి చేర్చే బండి దానిని నడిపేవానిని, ఎదురుగా వచ్చేవానిని కూడా క్షేమంగా ఇంటికి చేర్చగలిగినప్పుడే యాంత్రీకరణ రైతుకు మేలు చేసినట్లు.