పులి సరసన నత్త

నల్లమల అడవిలో పెద్దపులి దుప్పిని పట్టు తీరును, మన్నార్ సింధుశాఖలోని పగడపు దిబ్బల నడుమ శంకు నత్త చేపను పట్టు తీరును పక్కపక్కన నిలిపి చూచినచో, బలము దేహపరిమాణమును బట్టి యుండునని మనము చిన్ననాటినుండి నమ్ముచు వచ్చిన మాట ఎంత వట్టిదో తేటపడును.

రెండువందల కిలోల బరువును, చీకటిలో చూడగల కన్నులును కలిగియు, పొదచాటున ఓపికతో పొంచి దుమికియు, పులి అనేక పర్యాయములు ఆకలితోనే మరలిపోవును. అరచేతిలో ఇముడునంతటి శంకు నత్తకు చేపను తరుముట కలలోని మాట. కావున అది ఇసుకలో దాగి, తొండము వంటి నాళమును మాత్రము మెల్లగా వెలికి చాచి, చేప దాపునకు రాగానే దాని కొనయందలి బోలుపంటిని రెప్పపాటులో గ్రుచ్చును. పంటిగుండా ప్రవహించిన విషమునకు చేప అచ్చటికచ్చటనే నిశ్చేష్టమగును. ఒకసారి వాడిన పన్ను మరల పనికిరాదు. లోపల మరియొకటి సిద్ధముగా నుండును. శంకు నత్తలలో జియోగ్రాఫస్ అను జాతి కాటునకు మనుష్యులు మరణించిరి. దానికి విరుగుడు మందు నేటికిని లేదు.

శంకు నత్తల విషమే వైద్యమునకు వరమైనది. ఫిలిప్పీన్సులో జన్మించి అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయమున పరిశోధన సాగించిన బాల్డొమేరో ఒలివేరా ప్రయోగశాలలో, మేగస్ అను శంకు నత్త విషమునుండి గుర్తింపబడిన పదార్థమే జికోనొటైడ్ అను ఔషధమునకు మూలము. 2004లో అమెరికా ప్రభుత్వామోదము పొందిన ఈ మందు, వెన్నుపాము చుట్టునుండు ద్రవములోనికి ఎక్కింపబడి, నొప్పిని చేరవేయు నరముల కొసలయందలి కాల్షియము ద్వారములను మూసి, మార్ఫినుకు సైతము లొంగని బాధను శమింపజేయుచున్నది.

ఇక ఈ రెండు ప్రాణుల రక్షణ మాటకు వచ్చినచో, 1973లో ప్రాజెక్ట్ టైగర్ ఆరంభించి, 2022 గణనలో సగటున 3,682 పులులున్నవని చెప్పుకొనగలిగిన దేశము మనది. ఆ శ్రద్ధలో రవ్వంతయు తగ్గరాదు. అయితే 2001లో, 'గ్లోరీ ఆఫ్ ఇండియా' అని ప్రసిద్ధిగాంచిన శంకు నత్తను సైతము వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో, అనగా పులి యున్న పట్టికలోనే, చేర్చిన ప్రభుత్వము, అడవికి కావలివారిని, కెమెరాలను సమకూర్చినంత శ్రద్ధతో సముద్రపుటడుగును దున్నివేయు ట్రాలరు వలలను అదుపు చేయకుండుట అన్యాయమని నా దృఢాభిప్రాయము.

ప్రభుత్వము మేల్కొనులోపల మనము చేయదగిన పని యొకటి కలదు. మెరుగు చెడని శంకు నత్త చిప్ప చాలవరకు బ్రతికియున్న ప్రాణిని చంపి తీసినదే. రామేశ్వరమునకో, కన్యాకుమారికో యాత్ర వెళ్ళు పాఠకులు దుకాణములలో అట్టి చిప్పలను కొనకుందురు గాక. తీరమున సజీవమైన నత్త కనబడినచో, తమ క్షేమము కొరకును దాని క్షేమము కొరకును, చేయి తగిలింపక అచ్చటనే విడిచిపెట్టుదురు గాక.