నాన్న ఫోను, పిల్ల పాఠం

హాడో రేవుకు ఓడ వచ్చిన రాత్రి మా పక్కింటి పిల్లకు చదువు సాగదు. వాళ్ళ నాన్న రేవులో సరుకు దింపే పని మీద ఉంటాడు. ఇంట్లో ఉన్న ఒకే ఒక స్మార్ట్‌ఫోను అతని చొక్కా జేబులో ఉంటుంది. బడినుండి వాట్సాప్‌లో వచ్చిన ఇంటిపని కూడా ఆ జేబులోనే తెల్లవారేవరకూ పడి ఉంటుంది. "బాబాయిగారూ, మీ ఫోను ఒక్కసారి ఇస్తారా?" అంటూ ఆ పిల్ల మా గుమ్మంలోకి వచ్చినప్పుడల్లా, విద్యార్థుల సెల్‌ఫోన్లను బోధనకు వాడుకోవడాన్ని గురించి నేను లోగడ అనువదించిన వ్యాసాలు గుర్తుకు వస్తాయి. వాటన్నిటిలోనూ ఫోను విద్యార్థిదే. ఇక్కడ అది నాన్నది.

పోర్ట్ బ్లెయిర్ అని మనమందరం ఎరిగిన ఊరికి 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. హాడో ఆ ఊరిలోని రేవు పేట. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ ద్వీపాలలో తెలుగు మాతృభాషగా గలవారు దాదాపు 13 శాతం. అందువల్ల మా వీధిలో శ్రీకాకుళం యాస వినబడితే ఆశ్చర్యపడేవారు ఎవరూ లేరు. 2020 వరకు ఈ ద్వీపాలను దేశంతో కలిపిన సమాచార బంధం ఉపగ్రహమే. ఆ ఏడాది మార్చిలో బడులు మూతపడి పాఠాలు ఫోన్లలోకి వచ్చినప్పుడు, ఉపాధ్యాయుని ముఖం తెరమీద కదలక మెదలక నిలిచిపోవడం ఇక్కడి తల్లిదండ్రులకు బాగా తెలిసిన దృశ్యం. చెన్నైనుండి సముద్రగర్భంలో దాదాపు 2,300 కిలోమీటర్ల మేర వేసిన తంతి ఆగస్టు 10న ప్రారంభమైంది. తంతి వచ్చింది, వేగమూ వచ్చింది. ఇంటికి రెండవ ఫోను మాత్రం రాలేదు.

ఫోను బడిలో ఉండవచ్చునా, కూడదా అన్న వివాదం పాతదే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2023 ఆగస్టులో విద్యార్థులు బడికి ఫోను తేవడాన్ని నిషేధించింది. అంతకు నెల ముందే యునెస్కో, చదువుకు మేలు చేసినప్పుడే ఈ యంత్రాలను బడిలోకి రానీయాలని హెచ్చరించింది. 2025లో ఢిల్లీ హైకోర్టు మాత్రం పూర్తి నిషేధం వాంఛనీయమూ కాదు, ఆచరణసాధ్యమూ కాదన్నది. ఎవరి మాట సబబు? గ్రామీణ భారతంలో జరిపిన 'అసర్' 2024 సర్వేలో, 14 నుండి 16 ఏళ్ళ పిల్లలలో స్మార్ట్‌ఫోను వాడటం తెలిసినవారిని, గడచిన వారంలో దానితో ఏమి చేశారని అడిగారు. చదువుకు సంబంధించిన పని చేశామన్నవారు 57 శాతం. సామాజిక మాధ్యమాలు చూశామన్నవారు 76 శాతం. ఈ అంకెలను చూసి నిషేధించేవారిని తప్పుపట్టలేను. అయితే ఆ 57 శాతం మంది చేసిన పని ఎటువంటిదన్నదే నాకు ఆసక్తికరమైన ప్రశ్న.

ఎందుకంటే, చదువు పేరిట ఫోనులో జరిగేదంతా చదువు కాదు. మా పక్కింటి పిల్ల ఇంగ్లీషు మాధ్యమంలో ఎనిమిదవ తరగతి చదువుతోంది. సముద్రాన్ని గురించిన ఒక పేరా అర్థం కాక, దాన్ని ఫోటో తీసి అనువాదయంత్రానికి అప్పగించింది. యంత్రం 'కరెంట్' అన్న మాటను 'ప్రస్తుతం' అని మార్చి ఇచ్చింది. బలమైన ప్రస్తుతాలు పడవలను లాగుకుపోతాయని ఆ పిల్ల నోటుపుస్తకంలో శ్రద్ధగా రాసుకొన్నది! ఇరవై ఏళ్ళుగా అనువాదమే వృత్తిగా బ్రతుకుతున్నవాణ్ణి గనుక, చూసి మొదట నాకు నవ్వు వచ్చింది. దాచిపెట్టడమెందుకు, కొంత సంతోషం కూడా కలిగింది. ఆ తరువాత సిగ్గు వేసింది. సముద్రం ఒడ్డున పుట్టి, నీటి ఉరవడిని కళ్ళారా చూస్తూ పెరిగిన పిల్ల, తెరమీద కనిపించిందన్న ఒక్క కారణంచేత తనకు తెలిసినదాన్ని పక్కన పెట్టి ఆ మాటను నమ్మింది.

దీనికి విరుగుడు ఆమె ఉపాధ్యాయుడే చూపించాడు. ఒక శనివారం, ఆదివారం చేయవలసిన పని అది. చాథం వంతెన దగ్గర నీరు ఎప్పుడు ఎక్కువగా ఉంటుందో చూసి రమ్మన్నాడు. నలుగురు పిల్లలకు ఒక్క ఫోను. ఒడ్డున ఒక బండరాయిని ఎంచుకొని, గంటకొకసారి ఒకేచోట నిలబడి దానికి ఫోటో తీయాలి. తీసిన వేళను ఫోనే గుర్తుపెట్టుకొంటుంది. ఇంటర్నెట్ అక్కరలేదు. పెద్దవారొకరు తోడుండాలి గనుక నన్ను కూర్చోబెట్టారు. ఆ రెండు పగళ్ళలో నేను చేసిన పనల్లా వేరుశనగకాయలు తినడం, వంతెన అంచుకు పోవద్దని అరవడం.

సోమవారం నాటికి కాగితం మీద గీత వచ్చింది. మొదటి రోజు పోటు ఏ వేళకు పూర్తయిందో, రెండవ రోజు దానికి ముప్పావు గంట పైచిలుకు ఆలస్యంగా పూర్తయింది. ఎందుకు ఆలస్యమైందని పిల్లలే అడిగారు. చంద్రుడు భూమి చుట్టూ తాను కూడా ముందుకు జరుగుతాడు గనుక, మన చోటు మళ్ళీ అతని ఎదుటికి రావడానికి రోజుకు సుమారు 50 నిమిషాలు అదనంగా పడుతుందన్న సమాధానం అప్పుడు చెవికెక్కింది. ఇదే గీతను ఇక్కడి యంత్రాలు పందొమ్మిదవ శతాబ్దంలోనే గీశాయి. 1881 డిసెంబరు 31న కార్ నికోబార్ దగ్గర వచ్చిన భూకంపపు అలలు పోర్ట్ బ్లెయిర్‌లోని పోటుమాపకం మీద నమోదై ఉన్నాయి. ఆ సంగతి కూడా ఉపాధ్యాయుడు చెప్పాడు.

అది విని పిల్ల ఇంటికి వెళ్ళి నాయనమ్మను అడిగింది. 2004 డిసెంబరు 26 ఉదయం ఆమె ఏమి చూసిందో ఫోనులో గొంతు పట్టుకొన్నది. నాకూ వినిపించింది. సంద్రం వెనక్కి పోయి మళ్ళీ వచ్చిన తీరు, ఆ తరువాత పోటు వచ్చిన ప్రతిసారీ నీరు మునుపెన్నడూ రానంత పైకి ఎక్కిన తీరు, ముసలామె తన మాటలలో చెప్పింది. ఆ భూకంపంలో ఈ ఊరి నేల దాదాపు ఒక మీటరు కుంగిందనీ, సిప్పీఘాట్ వరిపొలాలు అందుచేతనే ఉప్పునీటి పాలయ్యాయనీ శాస్త్రజ్ఞులు చెప్పిన విషయాన్నే ఆమె ఇంటి మెట్ల లెక్కన చెబుతున్నది. 'పోటు', 'పాటు' అన్న మాటలు ఆమె నోట లెక్కలేనన్ని సార్లు వచ్చాయి. పిల్ల నోటుపుస్తకం తెచ్చి, 'ప్రస్తుతం' కొట్టివేసి, ఏమి రాయాలని నన్ను అడిగింది. నాయనమ్మనే అడగమన్నాను.

మరుసటి ఓడకు ఆమె తండ్రి ఫోను పట్టుకొని రేవుకు పోయాడు. ఫోను నిండిపోయి పనిచేయడం లేదు; తీరా చూస్తే అందులో ఒకే రాయికి ఇరవైకి పైగా ఫోటోలు. పిల్లను కేకలేసి, అన్నీ తుడిచివేశానని నాతో చెప్పాడు. గీత అప్పటికే గోడకు అంటించి ఉన్నది గనుక పిల్ల ఏమీ అనలేదు. తల్లి గొంతు మాత్రం ఉంచుకొన్నాడట. రాత్రి డ్యూటీలో వింటాడట.