పసి ప్యాక్‌మ్యాన్‌తో ఓ సాయంత్రం

కిందటి సంచికలో మాగాయ గురించి రాస్తే, "వంటింట్లోంచి ఎప్పుడు బయటికొస్తారండీ?" అని తిరుచ్చి నుంచి ఓ సోదరి ఉత్తరం రాశారు. ఇదిగో, ఈసారి ఏకంగా షికాగో దాకా వెళ్ళొచ్చాను. అయితే చెప్పబోయేది అక్కడి గుళ్ళ గురించీ కాదు, మంచు గురించీ కాదు. ఓ ఆట యంత్రం గురించి.

మా అబ్బాయి ఉండేది షికాగో శివారులో. కిందటి వేసవిలో ఓ శనివారం సాయంత్రం మనవరాలు "బామ్మా, నిన్నో చోటికి తీసుకెళ్తాం, వద్దనకూడదు" అంది. పాతకాలపు ఆట యంత్రాలన్నీ వరసగా పెట్టిన పెద్ద హాలు అది. గుమ్మం దగ్గర ఒకసారి టిక్కెట్టు కొంటే చాలు, ఏ యంత్రమైనా ఎంతసేపైనా ఆడుకోవచ్చు, నాణేలు వెయ్యక్కర్లేదు. లోపల అడుగు పెట్టగానే ఆ గంటల మోతా, ఆ కీచు పాటలూ, ఆ రంగు దీపాలూ చూసేసరికి నాకు 1986లో మద్రాసులో మా వీధి చివర ఉండే వీడియో ఆటల కొట్టు గుర్తొచ్చింది. అదంత మంచి జ్ఞాపకం కాదు. దాని సంగతి తరవాత చెబుతాను.

ముందు యంత్రం సంగతి. పిన్‌బాల్ అంటే ఏటవాలుగా అమర్చిన బల్ల, దాని మీద గాజు పలక. లోపల ఓ ఉక్కు గుండు దొర్లుతూ ఉంటుంది. చూడ్డానికి పెద్ద గోళీకాయంతే, 27 మిల్లీమీటర్లు. బరువు మాత్రం 80 గ్రాములు. బల్ల వాలు మన వైపే గనక ఎటు కొట్టినా చివరికి మన దగ్గరికే దిగొస్తుంది. దిగేచోట రెండు చిన్న రెక్కలుంటాయి. ఫ్లిప్పర్లు అంటారు. పెట్టెకి అటూ ఇటూ ఉన్న బొత్తాలు నొక్కితే రెక్క లేచి గుండుని పైకి కొడుతుంది. రెక్కల మధ్య సందులోంచి జారిందా, పోయినట్టే.

మనవరాలు నన్ను నిలబెట్టిన యంత్రం పేరు బేబీ ప్యాక్‌మ్యాన్. 1982లో బాలీ మిడ్వే అనే షికాగో కంపెనీవాళ్ళు సుమారు 7,000 తయారుచేశారట. అసలు ప్యాక్‌మ్యాన్ జపానువాళ్ళ బిడ్డ. నామ్కో కంపెనీలో తోరు ఇవాతానీ అనే ఆయన రూపొందించాడు, 1980లో బయటికొచ్చింది. చిక్కుదారుల్లో చుక్కలు మింగుతూ తిరిగే పసుప్పచ్చ గుండ్రటి మొహం, వెంటబడే నాలుగు దెయ్యాలు. మీ పిల్లలో, మీరో ఆడే ఉంటారు. ఆ ప్యాక్‌మ్యాన్‌కి ఈ పసివాణ్ణి పుట్టించింది మాత్రం అమెరికావాళ్ళు, అదీ నామ్కోవాళ్ళ అనుమతి లేకుండానే!

ఇది రెండాటల యంత్రం. పైన టీవీ తెర, దాని కింద నడుమెత్తున చిన్న పిన్‌బాల్ బల్ల. ఆట తెర మీద మొదలవుతుంది. ముందున్న చిన్న పిడి అటూ ఇటూ వంచుతూ పసివాణ్ణి నడిపించాలి. మామూలు ప్యాక్‌మ్యాన్‌లో నాలుగు మూలలా నాలుగు బలం బిళ్ళలుంటాయి. ఒకటి మింగితే కాసేపు దెయ్యాలే మనకి జడిసి పారిపోతాయి, మనమే వాటిని తినొచ్చు. ఇందులో మొదట ఆ బిళ్ళలు ఒక్కటీ ఉండవు. దెయ్యాలు మాత్రం నాలుగూ సిద్ధం! మరి బిళ్ళలెక్కడ? తెర అడుగున రెండు సొరంగాలున్నాయి. వాటిల్లోకి దిగితే పైన ఆట ఎక్కడిదక్కడ ఆగిపోయి, కింద బల్ల మీద నిజం గుండు బయటికొస్తుంది. ఆ గుండుతో గురిపలకలు పడగొట్టి, పక్కదారుల్లో చుట్టు తిప్పి బిళ్ళలు సంపాదించుకోవాలి. పళ్ళు కావాలన్నా అక్కడే, సొరంగాల్లో వేగంగా పోవాలన్నా అక్కడే. గుండు జారిపోతే ప్రాణం పోదు. సంపాదించినదాంతో మళ్ళీ పైకి వచ్చేస్తాం. కాని సొరంగాలు మూసుకుపోతాయి. ఆ చిక్కుదారి పూర్తిచేసేదాకానో, ఓ ప్రాణం పోయేదాకానో మళ్ళీ కిందికి దిగే వీల్లేదు. ఒకటో తారీఖు జీతంతో నెలంతా గడిపినవాళ్ళకి ఈ ఏర్పాటు వేరే చెప్పక్కర్లేదు.

ఇక నా ప్రతాపం వినండి. గుండు కిందికి రాగానే కంగారుగా రెండు బొత్తాలూ ఒకేసారి టపటపా నొక్కేశాను. రెండు రెక్కలూ లేచాయి, మధ్య సందు ఇంకా పెద్దదయింది, గుండు దర్జాగా జారిపోయింది. పైకి వెళ్ళాను, చేతిలో ఒక్క బిళ్ళ లేదు, దెయ్యాలు తినేశాయి. మళ్ళీ అంతే. మూడోసారీ అంతే. మనవరాలు నవ్వు ఆపుకోలేక పక్కకి తిరిగింది.

అంతవరకూ వెనక నిలబడి చూస్తున్న మా అబ్బాయి ముందుకొచ్చాడు. "అమ్మా, కొట్టాలని చూడకు. ముందు పట్టుకో" అన్నాడు. గుండు పక్క దారిలోంచి దొర్లుకుంటూ వస్తుంటే ఒక రెక్క ఎత్తి అలాగే పట్టుకున్నాడు. గుండు వచ్చి ఆ రెక్క ఒళ్ళో పసిపిల్లలా ఆగిపోయింది. అంత గోలలో ఒక్క క్షణం నిశ్శబ్దంగా అనిపించింది. తరవాత రెక్క వదిలాడు, గుండు మెల్లిగా కొసవైపు దొర్లింది, అప్పుడు నొక్కాడు. సూటిగా పోయి పలకని పడగొట్టింది. నొక్కే క్షణం వెంట్రుకవాసి మారితే దిక్కే మారిపోతుందట. క్యారమ్స్ ఆడినవాళ్ళకి తెలుసు, స్ట్రైకర్ గీత మీద పెట్టి ఊపిరి బిగబట్టే ఆ క్షణం. పెళ్ళికి ముందు మా పేటలో క్యారమ్ బల్ల దగ్గర నన్ను ఓడించినవాళ్ళు తక్కువ, నమ్మండి.

ఇంకోటి చూశాను. గుండు సందువైపు వస్తుంటే వాడు పెట్టెని అరచేత్తో చిన్నగా తట్టాడు. డబ్బాలో పిండి సర్దుకోవడానికి తడతామే, అంతే. గుండు పక్కకి తప్పుకుంది. "ఇది దొంగాట కాదురా?" అన్నాను. కాదట. పిన్‌బాల్ పెట్టెల్లో ఓ ఇనుప కడియం మధ్య లోలకం వేలాడుతూ ఉంటుంది. ఊపు మితిమీరితే అది కడియానికి తగులుతుంది. అంతే, రెక్కలు చచ్చిపడిపోతాయి, ఆ గుండు పోయినట్టే. మితంలో ఉన్నంతవరకూ తట్టడం కూడా ఆటలో భాగమే.

వాడు నాలుగు బిళ్ళలతో పైకి వెళ్ళి దెయ్యాల్ని ఒకదాని వెనక ఒకటి తినేస్తుంటే, "ఇదంతా ఎప్పుడు నేర్చుకున్నావురా?" అని అడిగాను.

తెర మీంచి చూపు తిప్పకుండా, "గుండు సంగతి కాలేజీలో, ఇక్కడికొచ్చాక. దెయ్యాల సంగతి మాత్రం అప్పుడేనమ్మా. పాలకార్డు డబ్బులతో" అన్నాడు.

1986. వాడికి పదకొండేళ్ళు. పాలకార్డు కొనుక్కురమ్మని ఇచ్చిన డబ్బులో ఎనిమిది రూపాయలు తక్కువొచ్చాయి. ఆరా తీస్తే ఆ వీధి చివరి కొట్టు. చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని వెళ్ళి, అంతమంది పిల్లల ముందు చెవి మెలేసి ఇంటికి లాక్కొచ్చాను. జూదం అన్నాను. ఇంకా ఏమేమో అన్నాను. ఆ రోజే వాడి లెక్కల నోటుపుస్తకం తీస్తే వెనక పేజీల నిండా గళ్ళు, గళ్ళలో బాణం గుర్తులు, అంకెలు. పిచ్చిగీతలని ఆ పేజీలు చింపి పొయ్యిలో వేశాను. వాడు ఏడవలేదు. మళ్ళీ ఆ కొట్టు మెట్లెక్కలేదు. ఆ మాట మా మధ్య మళ్ళీ రానూ లేదు, ఈ శనివారం దాకా.

కారులో వస్తుంటే మనవరాలు ఈ ఆట పుట్టుపూర్వోత్తరాలు చెప్పింది. న్యూయార్కులో 1942లో పిన్‌బాల్ నిషేధించారట. మేయరు లాగార్డియా స్వయంగా సుత్తి పట్టుకుని యంత్రాలు పగలగొడుతూ ఫోటోలు కూడా తీయించుకున్నాడట. "మంచి పని చేశాడు!" అన్నాను నేను, వెనకసీటులోంచి. మా అబ్బాయి నవ్వాడు గాని ఏమీ అనలేదు. ఈ యంత్రాలు తయారయ్యేదే షికాగోలో, ఆ షికాగోలో కూడా 1970ల మధ్యదాకా ఆడితే తప్పేనట.

"అయితే బామ్మా, 1942లో యంత్రాలకి రెక్కలే లేవు" అంది మనవరాలు. గుండు వదలడం, అది మేకుల మధ్య ఎటు పడితే అటు పోవడం, అంతే. ఫ్లిప్పర్లు వచ్చింది 1947లో, గాట్లీబ్ కంపెనీవాళ్ళ హంప్టీ డంప్టీ అనే యంత్రంతో. మరి మేయరు పగలగొట్టినప్పటికి అది చాలావరకూ అదృష్టం ఆటే. రెక్కలొచ్చాక అది చేతిపనితనం ఆట అయింది. నిషేధం మాత్రం మరో 29 ఏళ్ళు అలాగే ఉండిపోయింది. ఎవరూ మళ్ళీ దగ్గరికి వెళ్ళి చూడలేదు కాబోలు. 1976లో రోజర్ షార్ప్ అనే పత్రికారచయిత నగర కౌన్సిల్ సభ్యుల ముందు ఆడి చూపించాడు. ఫలానా దారిలోంచి గుండు పంపిస్తానని ముందే చెప్పి, స్ప్రింగు లాగి వదిలాడు, సరిగ్గా అందులోంచే వెళ్ళింది. నిషేధం పోయింది. ఆ ఒక్క దెబ్బలో అదృష్టం కూడా ఉందని తరవాత ఆయనే ఒప్పుకున్నాడట, పాపం నిజాయితీపరుడు.

లాగార్డియాకి రెక్కల్లేని యంత్రమైనా కనిపించింది. నేను ఆ కొట్లో తెరవైపు కూడా చూడలేదు. వాడి చెవి మాత్రమే చూశాను.

రాత్రి భోజనాలయ్యాక, "ఆ నోటుపుస్తకంలో గీతలేమిట్రా?" అని అడిగాను. వాడు కాసేపు ఊరుకుని, "దారులమ్మా. పాత ప్యాక్‌మ్యాన్‌లో దెయ్యాలు ఇష్టమొచ్చినట్టు తిరగవు. మనం ఒకే దారిలో, ఒకే వేగంతో వెళ్తే అవీ ప్రతిసారీ ఒకేలా తిరుగుతాయి. అది కనిపెట్టి రాసుకున్నాను. డబ్బులు లేని రోజుల్లో మిగతావాళ్ళు ఆడుతుంటే పక్కన నిలబడి చూసి రాసుకునేవాణ్ణి" అన్నాడు.

కిరాణా బిల్లు ఒకటి తిరగేసి, పెన్ను వాడి ముందుకు జరిపాను. మొదటి చిక్కుదారి గీశాడు. బాణాలు పెట్టడం మొదలెట్టాడు. ఎడమకి, కిందికి, మళ్ళీ కుడికి. నాలుగో మలుపు దగ్గర పెన్ను ఆగింది. చాలాసేపు చూశాడు. "ఇక్కణ్ణుంచి గుర్తులేదమ్మా" అన్నాడు.

ఆ కాగితం నా పర్సులోనే ఉంది.