నలుగురితో చూసిన ఆట

ఆటలు ఆడేవారికి ఆరోగ్యాన్నిస్తాయని అందరూ అంటారు. ఆటలు చూసేవారికి కూడా అవి సంస్కారాన్నిస్తాయని నా నమ్మకం. అయితే ఆ సంస్కారం అలవడాలంటే ఆటను ఒంటరిగా కాక నలుగురితో కలిసి చూడాలి. నా విద్యార్థిదశలోని సెలవులు నాకు నేర్పిన పాఠమిది.

అనంతపురం జిల్లాలోని బెళుగుప్ప మా తాతగారి ఊరు. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా కచ్చితంగా పడుతుందన్న భరోసా లేని సీమ అది. వేరుశనగ పంట ఎండిపోయిన సంవత్సరాలలో ఎందరో బతుకుతెరువు వెదుక్కుంటూ బెంగళూరు దారి పట్టేవారు. మా మామలిద్దరూ అలా వెళ్లినవారే. చెదిరిన కుటుంబమంతా ఒక కప్పు కిందికి చేరేది ఉగాదికి, వేసవి సెలవులకు మాత్రమే.

పండుగ దినాలలో చుట్టుపక్కల ఊళ్లలో ఎద్దుల బండలాగుడు పోటీలు జరిగేవి. నిర్ణీత సమయంలో బరువైన రాతిబండను ఎక్కువ దూరం లాగిన జతకు బహుమతి. తాత మమ్మల్ని వెంటబెట్టుకుని వెళ్లేవారు. మేము మా ఊరి ఎద్దులు గెలవాలని గొంతు చించుకుని అరిచేవాళ్లం. తాత మాత్రం పొరుగూరి ఎద్దుల నడకను కూడా అంతే ఇష్టంగా మెచ్చుకునేవారు. “కరువు కాలంలో ఎద్దును ఇంత బాగా మేపినవాడు అప్పుడే గెలిచినాడురా! బండ లాగడం ఆ తరువాతి మాట” అనేవారు. విజయం వెనుక ఉన్న శ్రమను చూడడం నేను నేర్చుకున్నది ఆ మాటతోనే.

1998 ఏప్రిల్‌లో ఇంటర్ పరీక్షలు ముగించుకుని ఊరు చేరాను. 22వ తేదీ రాత్రి షార్జాలో భారత్, ఆస్ట్రేలియా జట్ల మధ్య క్రికెట్ పోటీ. ఇంట్లోని ఒకే ఒక టీవీని మామ పడసాల గుమ్మం దగ్గరికి జరిపాడు. పెద్దలు మంచాల మీద, పిల్లలు చాపల మీద, ఇరుగుపొరుగువారు అరుగు మీద కూర్చున్నారు. కొంతసేపటికి అక్కడ ఇసుక తుఫాను రేగి ఆట ఆగిపోయింది. “అక్కడ కూడా మన మాదిరే దుమ్ముగాలే, పాపం!” అంది అవ్వ. అందరం నవ్వాం. మధ్యలో కరెంటు పోయినా ఎవరూ లేచిపోలేదు. తాత తన చిన్ననాటి పోటీల కథ ఎత్తుకున్నారు.

తుఫాను తరువాత భారత్ లక్ష్యం 46 ఓవర్లలో 276 పరుగులు. ఫైనల్ చేరడానికైతే 237 చాలు. సచిన్ టెండూల్కర్ 143 పరుగులు చేశాడు. భారత్ 26 పరుగుల తేడాతో ఓడినా ఫైనల్ చేరింది. ఓటమిలోనూ దక్కేది ఒకటి ఉంటుందని, పంట పోయిన ఏడు కూడా విత్తనం దాచుకునే ఆ ఇంటివారికి వేరుగా చెప్పనక్కరలేదు. మరునాడు బెంగళూరు బస్సెక్కవలసిన మామలు ఫైనల్ కోసం ఆగిపోయారు. 24వ తేదీన, తన 25వ పుట్టినరోజున, సచిన్ 134 పరుగులతో కప్పును అందించాడు. అవ్వకు క్రికెట్ తెలియదు. కొడుకులు మరి రెండు దినాలు ఇంట్లో ఉన్నారన్నదే ఆమెకు దక్కిన గెలుపు.

అయితే గతమంతా బంగారమని నేననను. ఆ పడసాలలో ముందు వరుస మగవారిదే. అత్తలు, అక్కలు వంటపని నడుమ గడప దగ్గర నిలబడి చూసేవారు. ఆడపిల్లలకు ఆటలతో ఏమి పని అనేవారు. ఆ ప్రశ్నకు జవాబు మన నేల మీదనే పుట్టింది. శ్రీకాకుళం జిల్లాలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో కాంస్యం సాధించి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయింది. 2025 నవంబరు 2న మహిళల ప్రపంచకప్ గెలిచిన భారత క్రికెట్ జట్టులో కడప జిల్లా యువతి శ్రీచరణి ఉంది. కలిసి చూడడమంటే ఆడపిల్లకు కూడా ముందు వరుసలో చోటివ్వడమని నేడైనా గ్రహించాలి.

ఇప్పుడు ఎవరి సెల్‌ఫోన్‌లో వారు ఆట చూస్తున్నారు. దీనివల్ల మేలు లేకపోలేదు. టీవీ ఉన్న ఇంటి ముందు పడిగాపులు పడవలసిన అవసరం తప్పింది. పొలంలో ఉన్నా, ప్రయాణంలో ఉన్నా ఆట అందుతోంది. కానీ ఒంటరిగా చూసేవానికి గెలుపోటములు మాత్రమే మిగులుతాయి. ఎదుటి జట్టును నిందించినప్పుడు వారించే తాత ఉండడు. ఓడిన రాత్రి ఓదార్చే మామ ఉండడు. ఒకే గదిలో నలుగురుండి నలుగురూ నాలుగు తెరలు చూస్తుంటే, ఆ ఇంట్లో అందరూ ఉన్నట్లా, లేనట్లా?

దూరదేశాల ఆటలే కాదు, మన చెంత జరిగేవి కూడా చూడదగినవే. 2024 సెప్టెంబరులో అనంతపురంలోని రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు మైదానంలో దులీప్ ట్రోఫీ పోటీలు జరిగాయి. ఊరి బడిలో జరిగే కబడ్డీ పోటీకైనా సరే, ఈ సెలవులలో అవ్వను, తాతను, చెల్లెలిని వెంటబెట్టుకుని వెళ్లండి. ఆట ఫలితం కొన్నాళ్లకు మరచిపోవచ్చు. పక్కన ఎవరు కూర్చున్నారో మాత్రం మరచిపోరు.