మెయిలు ఎక్కడ ఆగింది?

సెల్ఫు కొట్టని లారీ ఆటోనగర్ షెడ్డుకొస్తే మేస్త్రి వెంటనే ఇంజిను దించడు. ముందు బ్యాటరీ టెర్మినళ్లు కదిపి చూస్తాడు. తర్వాత ఫ్యూజు. ఆ తర్వాత వైరింగు. అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతేనే సెల్ఫు మోటారు విప్పుతాడు. తేలికైన దాంతో మొదలుపెట్టి కష్టమైన దాని దగ్గరకు... అదీ వరస. చిత్రమేమిటంటే, అదే వీధిలోని ఆఫీసు గదిలో కంప్యూటరు నుంచి మెయిలు పోకపోతే మాత్రం ఆ వరస ఎవరికీ గుర్తురాదు!

ఒక స్పేరు పార్టుల దుకాణం అనుకుందాం. కోల్‌కతాలోని ట్రాన్స్‌పోర్టు కంపెనీకి సాయంత్రం 5 గంటల్లోగా కమాను కట్టల కొటేషను పంపాలి. దుకాణం పేరుతోనే మెయిలు చిరునామా, దానికి అద్దెకు తీసుకున్న సర్వరు ఉన్నాయి. 3 గంటలకు బటను నొక్కితే 'సర్వరుతో కనెక్షను కుదరలేదు' అని వచ్చింది. యజమాని కంప్యూటరు ఆపి మళ్లీ పెట్టాడు. లాభం లేదు. పాస్‌వర్డు మార్చాడు. ఊహూఁ. మెయిలు ప్రోగ్రామునే తీసేసి మళ్లీ ఎక్కించాడు. ఈసారి పాత మెయిళ్లు కూడా కనిపించడం మానేశాయి. అంటే... ఇంజిను దించేశాడన్నమాట!

"ఉండు నాన్నా, ముందు నన్ను చూడనీ" అంటూ ఇంజినీరింగు చదివే కూతురు కుర్చీ లాక్కుంది.

మొదట రూటరు దీపాలు చూసింది. వెలుగుతున్నాయి. ఒక వార్తల సైటు తెరిచింది. వచ్చింది. అంటే వైరు బాగుంది, నెట్టు ఉంది. బ్యాటరీ పరీక్ష అయిపోయినట్టే.

రెండోది పేరు. మెయిలు సర్వరుకు మనం పెట్టుకున్న పేరు ఒకటి, కంప్యూటర్లకు కావలసిన అంకెల చిరునామా ఇంకొకటి. పేరు చెబితే అంకెలు చెప్పే వ్యవస్థే డీఎన్ఎస్. ఇది దారి తప్పినా, ఏటా కట్టాల్సిన డొమైను రుసుము కట్టడం మరిచిపోయినా సర్వరు నిక్షేపంగా ఉండి కూడా దొరకదు. ఆ అమ్మాయి 'పింగ్' కమాండుతో సర్వరు పేరు కొట్టింది. అంకెలు వచ్చాయి, జవాబూ వచ్చింది. ఫ్యూజు కూడా బాగానే ఉంది.

మూడోది తలుపు. ఒకే సర్వరుకు చాలా తలుపులుంటాయి. వీటిని పోర్టులంటారు. సర్వర్లు ఒకదానికొకటి మెయిలు అందించుకునే తలుపు 25. మన కంప్యూటరు నుంచి సర్వరుకు అప్పగించడానికి 587 లేదా 465. వచ్చిన మెయిలు చదువుకోవడానికి 993. తలుపు తట్టినప్పుడు వచ్చే జవాబులో చాలా సంగతులుంటాయి. 'నిరాకరించింది' అని వెంటనే వస్తే, ఇంటిదాకా చేరాం కానీ ఆ తలుపు దగ్గర ఎవరూ లేరని అర్థం. చాలాసేపు చూశాక 'సమయం మించింది' అని వస్తే, దారిలో ఎవరో అడ్డుకుంటూ ఉండవచ్చు. దుకాణంలో వచ్చింది ఈ రెండో జవాబు.

"నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారింది నాన్నా?"

"ఏమీ మారలేదమ్మా... పొద్దున కొత్త నెట్టు కనెక్షను పెట్టించా, అంతే!"

ఆ 'అంతే'లోనే ఉంది అసలు సంగతి. ఇలాంటి 'అంతే' ఒకటి అమెరికాలో పెద్ద కథే అయింది. 1990లలో నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో మెయిలు వ్యవస్థ చూసే ట్రే హ్యారిస్‌కు గణాంక శాస్త్ర విభాగం అధిపతి ఫోను చేశారు. 500 మైళ్లు దాటి మెయిలు వెళ్లడం లేదన్నారు. 500 మైళ్లంటే సుమారు 800 కిలోమీటర్లు. విజయవాడ నుంచి చెన్నైకి వెళ్లి, కోల్‌కతాకు మాత్రం వెళ్లనట్టు! మెయిలుకు దూరాలేమిటని హ్యారిస్ నమ్మలేదు. పరీక్షిస్తే నిజమే. ఆరా తీస్తే, అంతకుముందే ఎవరో ఆ సర్వరు సాఫ్ట్‌వేరును సరిచేసి వెళ్లారని తేలింది. ఆ మార్పుతో మెయిలు ప్రోగ్రాము పాత రకానికి వెళ్లిపోయింది. జవాబు కోసం ఎంతసేపు ఆగాలన్న సెట్టింగు సున్నా అయింది. ఆ యంత్రంలో సున్నా అంటే 3 మిల్లీసెకన్లకు కాస్త ఎక్కువ. ఆ కాస్త సమయంలో కాంతి వెళ్లే దూరం లెక్కగడితే 500 మైళ్లకు కాస్త పైనే! ఈ కథను హ్యారిస్ 2002లో స్వయంగా రాశాడు.

మళ్లీ దుకాణానికి వద్దాం. అక్కడి ప్రోగ్రాములో పాతకాలం నుంచీ 25 పెట్టి ఉంది. చెత్త మెయిళ్లను అరికట్టేందుకు చాలా నెట్టు సంస్థలు ఇళ్లకూ చిన్న ఆఫీసులకూ ఇచ్చే లైన్లలో ఆ తలుపు మూసేస్తాయి. పాత కనెక్షనులో తెరిచి ఉంది, కొత్తదాంట్లో లేదు. కూతురు 25 తీసి 587 పెట్టింది. 4 గంటల 20 నిమిషాలకు కొటేషను కదిలింది. పాస్‌వర్డు తప్పు కాదు, కంప్యూటరు తప్పు అంతకన్నా కాదు.

"హమ్మయ్య, వెళ్లిపోయింది" అన్నాడు తండ్రి.

"వెళ్లింది సరే... చేరిందో లేదో!"

ఆ అనుమానం న్యాయమైనదే. మెయిలు మన సర్వరుకు చేరగానే ప్రోగ్రాము 'పంపాం' అనేస్తుంది. అవతలి సర్వరు తీసుకోకపోతే అది ఒక అంకె చెబుతుంది. 4తో మొదలైతే 'ఇప్పుడు కాదు, తర్వాత రా' అని. 5తో మొదలైతే 'ఇక రావద్దు' అని. మొదటి రకమైతే మన సర్వరు మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. కనీసం 4, 5 రోజులు వదలకూడదని 2008 నాటి మెయిలు నిబంధన చెబుతోంది. కొటేషను గడువు మాత్రం అన్నాళ్లు ఆగదు కదా! అందుకే తిరిగొచ్చిన మెయిలును చిరాకుపడి చెరిపేయకూడదు. అందులోని అంకె చదివితే, ఎక్కడ ఆగిందో అదే చెబుతుంది.

తండ్రి చొక్కా జేబులోంచి ఫోను తీశాడు. కోల్‌కతాకు కలిపి, వచ్చీరాని హిందీలో అడిగాడు. అందిందట. అప్పటికి టైము 4 గంటల 35 నిమిషాలు.